బరువులెత్తడానికే కాదు, ఒళ్ళు తుడవడానికీ

గౌరవనీయులైన సంపాదకుల వారికి నమస్కారం.

కొద్ది రోజుల కిందట మీ ఉత్తరాల శీర్షికలో ఒక పాఠకురాలు తన తల్లి గురించి రాశారు. మంచాన పడిన ఆ పెద్దావిడకు స్నానం చేయించడానికి ఒక సంస్థ మగ సహాయకుణ్ణి పంపిందనీ, అతడు ఒక్క మాటైనా అడగకుండా దుప్పటి లాగేసరికి ఆమె బిక్కచచ్చిపోయిందనీ, ఆ తరువాత రెండు రోజులు ఎవరినీ దగ్గరికి రానివ్వలేదనీ చదివి నాకు చాలా బాధ కలిగింది. రోగుల ఒంటిని తాకే పనులకు మగవాళ్ళను అసలు చేర్చుకోకూడదనీ, ఆ శిక్షణే వారికి ఇవ్వకూడదనీ ఆమె చివర కోరారు. నేను ప్రస్తుతం నర్సింగ్ అసిస్టెంట్ శిక్షణలో అయిదో వారంలో ఉన్నాను. మా జట్టులో 24 మంది ఉంటే మగవాళ్ళం ఇద్దరమే. ఆ తల్లికి జరిగింది ముమ్మాటికీ తప్పేనని ఒప్పుకుంటూనే, ఆమె కుమార్తె సూచించిన పరిష్కారాన్ని ఎందుకు ఒప్పుకోలేకపోతున్నానో చెప్పుకోవడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంత పొడుగైనా మన్నించి ప్రచురించగలరు.

నా వయసు 36. పదకొండేళ్ళు ఒక గోదాములో లెక్కలు రాశాను. అది మాని ఈ దారికి రావడానికి కారణం మా నాన్నగారు. పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయి ఆయన ఏడు నెలలు మంచంలో ఉన్నారు. మందులు తేవడం, డాక్టరుతో మాట్లాడటం, డబ్బు సర్దడం నా వంతు. ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం, మలమూత్రాలు ఎత్తడం అమ్మ వంతు. ఎవరూ కూర్చుని అలా పంచలేదు, దానంతట అదే అలా జరిగిపోయింది. అమ్మ ఆ పనులు చేస్తున్నంతసేపూ నేను తలుపు బయట నిలబడేవాణ్ణి. నాన్నగారు మంచంలో కిందికి జారిపోయినప్పుడు మాత్రం అమ్మ పిలిచేది. లోపలికి వెళ్ళి చంకల కింద చేతులు వేసి ఆయనను పైకి లాగి, మళ్ళీ బయటికి వచ్చేసేవాణ్ణి. మూడో నెలలో వెన్ను చివర, పిరుదుల పైన ఎముక దగ్గర చర్మం ఎర్రబడింది. నాలుగో నెలకు అది పుండైంది. అయిదో నెలకు లోపలి ఎముక కనిపించింది. తాను సరిగ్గా చూసుకోలేదని అమ్మ రాత్రులు ఏడ్చేది.

ఆ పుండులో నా చేతి పాలు కూడా ఉందని శిక్షణ మొదలైన వారంలోనే తెలుసుకున్నాను. మనిషిని చంకల కింద పట్టి లాగినప్పుడు చర్మం పక్కగుడ్డకు అంటుకుని వెనకే ఉండిపోతుంది, లోపలి ఎముక మాత్రం ముందుకు కదులుతుంది, ఆ రెంటి మధ్య ఉండే సన్నని రక్తనాళాలు సాగి దెబ్బతింటాయి. అందుకే లాగకూడదు, ఒంటి కింద అడ్డంగా పరిచిన గుడ్డను ఇద్దరు చెరొక వైపు పట్టుకుని కొద్దిగా లేపి జరపాలి. దాదాపు రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. పక్క మార్చడమంటే పూర్తిగా దొర్లించి తుంటి ఎముక మీద బరువంతా వేయడం కాదు, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వాలులో నిలపడం. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద మరో దిండు ఉంచాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినప్పుడు తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే అది పుండుకు తొలి మెట్టు. వెంటనే నర్సుకు చెప్పాలి, అక్కడ రుద్దకూడదు. మేము రోజూ నూనె రాసి రుద్దాం. ప్రేమ లోపించి కాదు, తెలియక. అప్పటిదాకా అమ్మ ఒంటి చేత్తో చేసిన పని ఇద్దరు చేయాల్సినదని కూడా నాకు అప్పుడే తెలిసింది, ఆ రెండో మనిషి ఏడు నెలలూ తలుపు బయటే ఉన్నాడు.

ఈ పనిలో పుట్టుకతో వచ్చే విద్య దాదాపు లేదని చెప్పడానికే ఇంత వివరంగా రాశాను. సేవ ఆడవాళ్ళకు సహజంగా అబ్బుతుందనీ, మగవాడి చేతికి మెత్తదనం ఉండదనీ నమ్మేవారు ఒక్క రోజు మా శిక్షణ గదిలో కూర్చుంటే బాగుంటుంది. మొదటి రోజు చేతులు కడుక్కోవడం నేర్పారు. సబ్బూ నీళ్ళతో ఆ పని మొత్తానికి 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. 24 మందిలో ఒక్కరమూ అంతసేపు కడగలేదు, అందరమూ బొటనవేళ్ళను మరిచిపోయాం. ఒళ్ళు తుడిచేటప్పుడు కళ్ళతో మొదలుపెట్టాలని, ముక్కు వైపు కొస నుంచి చెవి వైపుకు తుడవాలని, రెండో కంటికి బట్టలో మరో భాగం వాడాలని, ఏ భాగం తుడుస్తుంటే ఆ భాగం మాత్రమే తెరిచి మిగతా ఒళ్ళంతా కప్పి ఉంచాలని, మర్మావయవాలను చివరన, నీళ్ళూ గ్లౌజులూ మార్చుకున్న తరువాత, ముందు నుంచి వెనక్కి శుభ్రం చేయాలని అమ్మాయిలూ మాతో పాటే కొత్తగా నేర్చుకున్నారు. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. మూత్రం సంచి ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందనే వేలాడాలి, లేకపోతే సంచిలోని మూత్రం వెనక్కి పారి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఊపిరి లెక్కపెడుతున్నామని తెలిస్తే రోగి తెలియకుండానే ఊపిరి తీరు మార్చుకుంటారు కాబట్టి, నాడి చూసిన తరువాత మణికట్టు వదలకుండా అలాగే పట్టుకుని ఛాతీ కదలికను లెక్కించాలి. ఈ చివరిది నాకు ఎంతో నచ్చిన పాఠం. ఇంత చిన్న పనిలో ఇంత ఆలోచన ఉంటుందని గోదాములో లెక్కలు రాసే రోజుల్లో నేను ఊహించలేదు.

మా జట్టులో ఇద్దరు పిల్లలను పెంచిన తల్లి ఒకావిడ ఉన్నారు. తినిపించే పాఠంలో ఆవిడ పక్కన నిలబడి గబగబా స్పూను నిండా పెట్టారు. పిల్లలకు అలా పెట్టినా చెల్లిందేమో గానీ గొంతు కండరాలు బలహీనపడిన మనిషికి అది ప్రాణాంతకం, ఎందుకంటే తిన్నది ఊపిరితిత్తుల దారి పడితే న్యుమోనియా వస్తుంది. రోగిని నిటారుగా కూర్చోబెట్టి, మనమూ వారి కళ్ళ ఎత్తులో కూర్చుని, కొద్దికొద్దిగా పెడుతూ, మింగారో లేదో చూసుకోవాలి. తిన్నాక కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. రెండో వారానికి ఆవిడ నేర్చుకున్నారు, నాతోపాటు చేరిన 19 ఏళ్ళ కుర్రాడూ నేర్చుకున్నాడు. ఇద్దరిలో ఎవరి చెయ్యి నెమ్మదైనదని అడిగితే నేను కుర్రాడి పేరే చెబుతాను.

ఈ పని అనాదిగా ఆడవాళ్ళదే అన్న మాట చరిత్రకు నిలవదు. చరక సంహిత చికిత్సకు నాలుగు పాదాలు చెప్పింది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. పరిచారకుడికి ఉండవలసిన గుణాలు నాలుగని, అవి ఉపచారం తెలిసి ఉండటం, నేర్పు, సేవ పొందే వారి పట్ల అనురాగం, శుచి అని పేర్కొంది. ఆ నాలుగింటిలో ఆడా మగా అన్న ప్రసక్తి లేదు, కండబలం మాట కూడా లేదు. 16వ శతాబ్దపు ఇటలీలో కామిల్లస్ అనే ఆయన సైనికుడిగా, జూదరిగా బతికి, కాలి పుండుతో ఆసుపత్రి పాలై, అక్కడి రోగుల అవస్థ కళ్ళారా చూసి, రోగుల సేవ కోసమే మగవారితో ఒక సంఘం స్థాపించాడు. 1614లో మరణించేదాకా ఆ సేవలోనే ఉన్నాడు. 19వ శతాబ్దం నడుమ జరిగిన క్రిమియా యుద్ధం నాటి సైనిక ఆసుపత్రుల్లో రోగులను కనిపెట్టుకుని ఉన్న ఆర్డర్లీలు మగవారే.

తరువాత 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లారెన్స్ నైటింగేల్ శిక్షణాలయం మొదలైంది. గౌరవం లేని పనికి చదువునూ క్రమశిక్షణనూ తెచ్చిన ఆ మహనీయురాలికి ఈ వృత్తిలో అడుగుపెట్టే ప్రతి ఒక్కరూ రుణపడి ఉంటారు, నేను కూడా. అయితే ఆ శిక్షణాలయం స్త్రీలకు మాత్రమే, దాన్ని చూసి లోకమంతటా వెలసినవి కూడా చాలావరకు అలాంటివే. బ్రిటన్‌లో 1919 చట్టంతో నర్సుల పట్టిక ఏర్పడినప్పుడు మగ నర్సుల పేర్లు ప్రధాన భాగంలో కాక వేరే అనుబంధ భాగంలో రాశారు. అమెరికా సైన్యంలో నర్సుల దళం 1901లో ఏర్పడితే మగ నర్సుకు అందులో అధికారిగా చోటు దొరికింది 1955లో. ఆ మొదటి వ్యక్తి ఎడ్వర్డ్ లయన్.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అమెరికా సుప్రీంకోర్టు 1982లో ఇచ్చిన ఒక తీర్పు. జో హోగన్ అనే నర్సు మిసిసిపీ రాష్ట్రంలోని మహిళా విశ్వవిద్యాలయంలో నర్సింగ్ డిగ్రీకి దరఖాస్తు చేశాడు. అప్పటికే అతడు అదే ఊరి వైద్యకేంద్రంలో పనిచేస్తున్న నర్సు, అర్హతలన్నీ ఉన్నాయి. మగవాడివి కాబట్టి చేర్చుకోబోమని, కావాలంటే తరగతిలో కూర్చుని పాఠాలు వినవచ్చుగానీ డిగ్రీకి లెక్కకట్టబోమని విశ్వవిద్యాలయం చెప్పింది. తరగతి గదిలో అతడి ఉనికి ఎవరికీ ఇబ్బంది కాదని దీనితోనే తేలిపోయింది. అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు నిలిచిన ఆ కేసులో హోగన్ గెలిచాడు. తీర్పు రాసింది సాండ్రా డే ఓకానర్, ఆ న్యాయస్థానంలో కూర్చున్న మొట్టమొదటి మహిళ. మగవారిని బయట ఉంచడం వల్ల నర్సింగ్ ఆడవారి పని మాత్రమే అన్న పాత ముద్ర మరింత బలపడుతుందని ఆమె రాశారు. మగవారిని దూరంగా ఉంచడం వల్ల నర్సుల జీతాలు తక్కువగా ఉండిపోయాయని నర్సుల సంఘం ప్రతినిధులు చెప్పిన మాటను కూడా తీర్పు కింది వివరణలో ప్రస్తావించారు. మగవారిని చేర్చుకోవడం ఆడవారి పొట్ట కొట్టడమేనని బాధపడే మా తోటి విద్యార్థినులకు నేను చెప్పేది ఇదే. పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలోని సుమారు 2.79 కోట్ల నర్సింగ్ సిబ్బందిలో 90 శాతం దాకా స్త్రీలే.

ఇక ఆ పాఠకురాలి తల్లి విషయానికి వస్తాను. అక్కడ తప్పిన పాఠం శిక్షణ మొదటి రెండు రోజుల్లో నేర్పేది. తలుపు తట్టాలి. నేనెవరినో, ఏ పని మీద వచ్చానో చెప్పాలి. ఆ పని నేను చేయవచ్చా, మరొకరు చేస్తే మీకు నయమా అని అడిగి జవాబు కోసం ఆగాలి. తెర లాగాలి. ఒంటి మీద దుప్పటి ఉంచే, దాని కింద నుంచి బట్టలు తీయాలి. రోగి వద్దంటే మారుమాట లేకుండా వెనక్కి తగ్గి నర్సుకు చెప్పాలి. ఎందుకు వద్దో వారు వివరించనక్కర్లేదు, మనం నొచ్చుకోకూడదు. మాట పోయినవారి విషయంలో ముఖం, చెయ్యి బిగపట్టడం, దుప్పటి అంచు పట్టుకోవడం, ఇవే జవాబు. ఆ సహాయకుడు ఈ మెట్లలో ఒక్కటీ ఎక్కకుండానే దుప్పటి మీద చెయ్యి వేశాడు. అతడు స్త్రీ అయి ఉన్నా అది తప్పే. అడగకుండా ఆమె వద్దకు మగవాణ్ణి పంపిన ఆ సంస్థ తప్పు అంతకన్నా పెద్దది. నా సంగతి చెప్పాలంటే, వార్డులో ఇప్పటికి నలుగురు స్త్రీలు నన్ను వద్దన్నారు, ఇద్దరు సరేనన్నారు. వద్దన్న నలుగురి మాటా నాకు శిరోధార్యమే.

అయితే ఆ పాఠకురాలు పట్టుకున్న ధర్మం, అంటే రోగి మానాన్ని కాపాడటం, స్త్రీలకు మాత్రమే ఉద్దేశించినది కాదు కదా. మూడో వారంలో నన్ను వేసిన మగవారి వార్డులో కాలి ఎముక విరిగిన ఒక పెద్దాయన ఉన్నారు. నీళ్ళు ఎంత తాగారో, మూత్రం ఎంత వెళ్ళిందో మిల్లీలీటర్లలో రాసే కాగితం నింపడం నా పని. ఆయన పగలంతా తాగిన నీళ్ళు 350 మిల్లీలీటర్లు దాటలేదు; మూత్రం కూడా ముదురు రంగులో, చాలా కొద్దిగా వెళ్ళింది. నేను నర్సుకు చెప్పాను. దాహం లేదని ఆయన అందరికీ చెబుతూ వచ్చారు. సాయంత్రం గ్లాసు అందిస్తూ నెమ్మదిగా అడిగితే, చాలాసేపు గోడ వైపు చూసి, “ఆ అమ్మాయిలు నా మనవరాలి ఈడు వాళ్ళు బాబూ. వాళ్ళ చేత ఆ మూత్రం డబ్బా ఎలా పట్టించుకోను? తాగకపోతే ఆ అవసరమే రాదు కదా” అన్నారు. ఒంట్లో నీళ్ళు తగ్గితే వృద్ధులకు మతిభ్రమ, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోవడం వరుసగా వస్తాయి. ఆ అమ్మాయిల్లో ఎవరూ ఆయనను చిన్నబుచ్చలేదు, ఎంతో మర్యాదగా చూసుకున్నారు. ఆయనకు కావలసింది మరో మగవాడు, అంతే. నేనున్న పూట ఆయన నీళ్ళు తాగారు. రాత్రి పూట ఆ వార్డులో మగ సహాయకుడు ఎవరూ లేరు. ఆ పాఠకురాలు కోరినట్టు మగవాళ్ళకు శిక్షణే ఆపేస్తే పగటి పూట కూడా ఉండరు. తన తల్లికి ఆడమనిషిని కోరుకునే హక్కు ఎంత న్యాయమో, ఆ పెద్దాయనకు మగమనిషిని కోరుకునే హక్కు అంతే న్యాయం. ఆయన కోరిక తీరాలంటే ఎవరో ఒక మగవాడికి డబ్బా పట్టడం, ఒళ్ళు తుడవడం సరిగ్గా వచ్చి ఉండాలి.

ఇక్కడే నాకు శిక్షణ సంస్థలతో, ఆసుపత్రులతో ఉన్న అసలు ఫిర్యాదు మొదలవుతుంది. మగ విద్యార్థిని వార్డులో చూడగానే అందరికీ గుర్తొచ్చేది బరువు. లావుపాటి రోగిని కుర్చీలోకి మార్చాలంటే మేము, కింద పడిన మనిషిని లేపాలంటే మేము, మతి చలించి కేకలు వేసే రోగిని పట్టుకోవాలంటే మేము, ఆక్సిజన్ సిలిండరు తోయాలంటే మేము. వార్డుకు వెళ్ళిన మొదటి పది రోజులూ చిన్న పుస్తకంలో లెక్క రాసుకున్నాను: బరువులకు నన్ను పిలిచింది 41 సార్లు, ఒళ్ళు తుడిచే పనికి పిలిచింది మూడు సార్లు. స్త్రీల వార్డులో స్నానాల వేళ “నువ్వు బయట ఉండు” అంటారు, అది సబబే. కానీ అదే వేళకు మగవారి వార్డులో నన్ను స్నానాలకు వేయాలని ఎవరికీ తోచదు. నేను మళ్ళీ తలుపు బయట నిలబడి, పిలిచినప్పుడు లోపలికి వెళ్ళి, ఎత్తి, బయటికి వస్తున్నాను. నాన్నగారి విషయంలో నేను చేసిందీ అదే. దాని నుంచి బయటపడటానికే ఈ శిక్షణలో చేరాను.

బరువుల విషయంలో మరో మాట కూడా చెప్పాలి. మగవాడి నడుము ఇనుముతో చేసింది కాదు. అమెరికాలో వృత్తి భద్రతను పరిశోధించే నియోష్ సంస్థ శాస్త్రవేత్త ఒకరు 2007లో, రోగిని చేతులతో ఎత్తేటప్పుడు ఒక మనిషి మీద పడే బరువు 35 పౌండ్లకు, అంటే సుమారు 16 కిలోలకు మించకూడదని లెక్కగట్టి చెప్పారు. ఆ పరిమితి స్త్రీకొకటీ పురుషుడికొకటీ కాదు. దానికి మించితే రోగిని ఎత్తే యంత్రపు ఊయల వాడాలి, ఒంటి కింద పరిచి జరిపే జారుడు షీటు వాడాలి, మరో ఇద్దరిని పిలవాలి. “అబ్బాయి ఉన్నాడుగా” అన్న మాటతో పరికరం మూలన ఉండిపోతుంది, అబ్బాయి నడుము పోతుంది, ఒక్కడు ఒడిసిపట్టి ఎత్తడం వల్ల రోగి చర్మమూ ఒరుసుకుపోతుంది.

శిక్షణ సమయం ఎక్కడైనా తక్కువే. అమెరికాలో 1987 నాటి చట్టం ఈ సహాయకులకు విధించిన కనీస శిక్షణ 75 గంటలు, అందులో పర్యవేక్షణ కింద చేతులతో చేసి నేర్చుకోవలసినది కనీసం 16 గంటలు. గంటల లెక్క దేశాన్ని బట్టి మారవచ్చు. ఎంతైనా, ఆ కొద్ది గంటల్లో సగం సిలిండర్లు తోయడంలో గడిచిపోతే, సర్టిఫికెట్ చేతికి వచ్చే నాటికి ఒక్క మనిషికైనా నిండుగా స్నానం చేయించి ఎరగని సహాయకుడు తయారవుతాడు. అటువంటివాడే రేపు ఒక ఇంటికి వెళ్ళి, అడగకుండా దుప్పటి లాగుతాడు. ఆ పాఠకురాలి ఇంటికి వచ్చినవాడు బహుశా అలా అరకొరగా తయారైనవాడేమోనని నా అనుమానం. మగవాళ్ళకు శిక్షణ ఇవ్వడం వల్ల కాక, సగమే ఇవ్వడం వల్ల ఆమె తల్లికి ఆ అవమానం జరిగి ఉంటుంది.

మగవాళ్ళకు ఈ వృత్తిలో కష్టాలే గానీ లాభాలు లేవని నేను అనను, అంటే అబద్ధమవుతుంది. తెల్ల కోటు లేకపోయినా రోగులు నన్ను “డాక్టరు గారూ” అంటారు, పక్కనే ఉన్న అనుభవజ్ఞురాలైన నర్సును వదిలి సందేహాలు నన్ను అడుగుతారు. ప్రతిసారీ సరిదిద్దడం నా బాధ్యత, ఎందుకంటే నేను డాక్టరునన్న భ్రమలో వాళ్ళు నా మాట విని మందు మానేస్తే ప్రమాదం. క్రిస్టీన్ విలియమ్స్ అనే సమాజశాస్త్రవేత్త 1992లో నర్సింగ్ వంటి స్త్రీల వృత్తుల్లోకి వచ్చిన మగవారిని పరిశీలించి, వారిని కనిపించని మెట్ల యంత్రమేదో పై పదవులకు మోసుకుపోతున్నట్టు ఉందని, దానికి అద్దాల ఎస్కలేటర్ అని పేరు పెట్టారు. మంచం పక్క పని నుంచి మగవాణ్ణి పైకి తోసే ఆ చెయ్యి, నన్ను స్నానాల వేళ బయట నిలబెట్టే చెయ్యి ఒకటేనని నాకనిపిస్తుంది. రెండూ నువ్వు ఈ పని చేయవలసినవాడివి కావనే చెబుతున్నాయి.

మన భాషలోనూ ఈ చిక్కు ఉంది. నర్సమ్మ అన్న పిలుపులోనే అమ్మ కూర్చుని ఉంది. ఆ పిలుపులో ఎంతో ఆత్మీయత ఉంది, అది పోవాలని నేను కోరుకోను. మగవాణ్ణి పిలవడానికి అంతటి ఆత్మీయమైన మాట ఇంకా పుట్టలేదు. పరిచారకుడు అన్నది పుస్తకాల్లోని మాట. పెద్దాయన నన్ను “బాబూ” అన్నారు, నాకదే చాలు. బంధువుల్లో ఒకరు “మగాడివై ఉండి బెడ్‌పాన్లు మోస్తావా” అన్నారు. అప్పుడు అమ్మ ఏమీ అనలేదు. ఆ రాత్రి నేర్చుకున్న పాఠం చేసి చూపిస్తానంటే మంచం మీద పడుకుంది. గుడ్డ పట్టి పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టాను. కాసేపు అలాగే కళ్ళు మూసుకుని ఉండి, “నొప్పి తెలియలేదురా” అంది.

శిక్షణ సంస్థల వారికి నా విన్నపాలు రెండే. మగ విద్యార్థి ఎన్ని స్నానాలు చేయించాడు, ఎందరికి నోరు శుభ్రం చేశాడు, ఎందరికి డబ్బా పెట్టాడు అన్న లెక్క వేరుగా రాసి, ఆ లెక్క నిండనిదే పరీక్షకు పంపకండి. స్త్రీల వార్డు నుంచి బయటికి పంపిన ప్రతి గంటకూ బదులుగా మగవారి వార్డులో ఒక గంట ఇవ్వండి. రెండోది, రోగి ఇష్టాన్ని చేరిక రోజునే అడిగి మంచం దగ్గరి కాగితంలో రాయండి, ఇళ్ళకు పంపేవారైతే ముందుగా ఫోనులో అడగండి. మగవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి గది లేకపోవడం వంటివి ఎలాగో సర్దుకుంటాం.

నాతో చేరిన 19 ఏళ్ళ కుర్రాడు గత వారం రెండు రోజులు రాలేదు. ఇంటికి వెళ్ళి అడిగితే, సిలిండర్లు తోయడానికే అయితే ఇంతకన్నా ఎక్కువ జీతం వచ్చే చోట్లు చాలా ఉన్నాయన్నాడు. అతడి మాట తప్పనలేకపోయాను. సోమవారం అతణ్ణీ నన్నూ మగవారి వార్డులో స్నానాల వంతుకు వేయమని మా శిక్షకురాలిని అడిగాను. ఆమె కాగితంలో ఇద్దరి పేర్లూ రాశారు. కాలు విరిగిన ఆ పెద్దాయనను ముందు అడగాలి. ఆయన సరేనంటే, మొదటి స్నానం కుర్రాడిది.

ఇట్లు,
నర్సింగ్ అసిస్టెంట్ శిక్షణలో ఉన్న ఒక పాఠకుడు